రంగు వేయనివ్వని గోడ

ఆవిడ పక్క సీట్లో కూర్చుంటే కారు నడిపేవాళ్ళకి ఒక ధైర్యం, ఒక భయం. ధైర్యం ఎందుకంటే ఆవిడ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. భయమూ అందుకే. డ్రైవింగ్ స్కూలు కార్లలో నేర్పేవాళ్ళ కోసం అలా రెండో బ్రేకు పెట్టిస్తారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఎవర్నీ కసిరింది లేదు, స్టీరింగు లాక్కున్నది లేదు. నేర్చుకునేవాడు కంగారుపడి తిన్నగా లారీ మీదికి పోతున్నా, కిటికీలోంచి వీధి చూస్తున్నట్టే కూర్చుని, సరిగ్గా ఆగాల్సిన చోట కారు ఆపేసేది. ఆపి, "ఇప్పుడు చెప్పు నాయనా, ఎటు పోదామనుకున్నావ్?" అని నిదానంగా అడిగేది. వీధిలో చిన్నా పెద్దా ఆవిణ్ణి బ్రేకక్క అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు బ్యాంకువాళ్ళకీ కట్టుకున్నాయనకీ తప్ప ఎవరికీ గుర్తులేదు. కట్టుకున్నాయనా ఆ పేరు ఎప్పుడో గానీ వాడడు.

ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేసేవాడు. నెమ్మదస్తుడు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తన కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెడతాడు. గొడవ సద్దుమణిగేదాకా ఆ అద్దాలు శుభ్రపడవు. వాళ్ళతోపాటు ఆయన అక్కగారు ఉండేది. పెద్దాసుపత్రిలో వార్డు సిస్టరుగా చేసి రిటైరయిన మనిషి. దుప్పటి మీద ముడత కనపడితే ఆవిడకి ముద్ద దిగదు. వదినా మరదళ్ళిద్దరూ పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి అనుకుంటూనే ఉంటారు గానీ, ఒకరు ఊళ్ళో లేకపోతే రెండోవాళ్ళకి పొద్దుపోదు.

బ్రేకక్క అద్దె ఇళ్ళలో పెరిగింది, అద్దె ఇంట్లోకే కాపురానికి వచ్చింది. గోడకి మేకు కొట్టాలన్నా ఇంటివాళ్ళని అడగడమే. అందుకని అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కుని తాళాలు చేతికొచ్చిన రోజున ఆవిడ చేసిన మొదటి పని, హాల్లో ఒక మేకు కొట్టడం.

"దానికేం తగిలిస్తావ్?" అని అడిగింది వదినగారు.

"ఇంకా అనుకోలేదు వదినా. ఊరికే చూసుకుంటాను."

అంత ముచ్చటపడ్డ ఇంట్లో మొదటి వానకే పడమటి గది గోడ మీద అరచేతంత చెమ్మ కనిపించింది. ఆ గది వదినగారిది. బిల్డరు తరఫున ఒక మేనేజరు వచ్చి చూశాడు. మంచి మాటకారి. "రేపు మనిషిని పంపిస్తానమ్మా" అనడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత తేలిక. భవనంలో అందరూ ఆయన్ని చాటున రేపుగారు అనేవాళ్ళు. ఆ రేపు ఎప్పటికో వచ్చింది. ఒక మనిషి వచ్చి గోడ గీకి, పుట్టీ పూసి, రంగు వేసి వెళ్ళాడు. మళ్ళీ వాన పడింది. చెమ్మ ఈసారి చాపంత అయింది. "కొత్త ఇల్లు కదమ్మా, గోడలు సర్దుకుంటాయి" అన్నాడు రేపుగారు. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రంగు. ఏడాదికేడాది ఇదే తంతు. కొన్నాళ్ళకి ఆయన మాట మారింది. "పాత ఇల్లు కదమ్మా, ఆ మాత్రం తడి ఉండదా?"

ఆ మాట దగ్గర బ్రేకక్క బ్రేకు తొక్కింది.

"అదేంటండీ, కొత్తిల్లు పాతిల్లయింది సరే. మధ్యలో మంచి ఇల్లుగా ఎప్పుడు ఉందండీ? ఆ రోజు నేను ఇంట్లో లేనా?"

రేపుగారు నవ్వేసి, రేపు ఫోన్ చేస్తానని వెళ్ళిపోయాడు.

ఇళ్ళ తగాదాలు చూసే ప్రభుత్వ ఆఫీసు ఒకటి ఉందని ఎవరో చెబితే, బ్రేకక్క ఒక పూట సెలవు పెట్టి వెళ్ళింది. కౌంటరులో ఉన్నావిడ తల ఎత్తకుండానే అడిగింది.

"కట్టి ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు దాటిందండీ."

అప్పుడు తల ఎత్తింది. "ఐదేళ్ళ లోపు కట్టుబడిలో లోపం బయటపడితే బాగుచేయాల్సింది కట్టినవాళ్ళే. ఆ గడువు దాటితే గోడ కూలినా మీదే భారం. ఇప్పుడు ఫిర్యాదు రాసివ్వండి. మా ఇంజనీరు వచ్చి చూస్తారు. ఒక్కసారే వస్తారు. లోపం లేదని రాశారంటే ఇక అంతే, మళ్ళీ తిరిగేలోపు గడువు దాటిపోతుంది. ఆ గోడని ఎవరైనా ముట్టుకున్నారా?"

"వాళ్ళే రంగులు వేశారు."

"ఇక మీదట ఎవర్నీ ముట్టుకోనివ్వకండి. మీరు గీకి సిమెంటు పూశారనుకోండి, చెడగొట్టింది మీరే అంటారు. ఇంకో సంగతి. మీ ఒక్క ఇంట్లోనే తడి అయితే మీ వాడకం బాగాలేదని తేలుస్తారు. అదే గోడ వరసలో పైనా కిందా కూడా తడి ఉంటే, అది కట్టుబడి తప్పు. అర్థమైందా?"

"అర్థమైంది."

"అందరూ అర్థమైందనే చెబుతారు. ఇంటికెళ్ళి రంగేస్తారు" అని ఆవిడ మళ్ళీ తల దించుకుంది.

బ్రేకక్క ఫిర్యాదు రాసిచ్చి వచ్చింది. ఆ రోజు భోజనాల దగ్గర సంగతంతా చెప్పి, "ఇంజనీరు వచ్చేదాకా ఆ గోడ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు" అని తేల్చేసింది.

"నా గది గోడమ్మాయ్ అది," అంది వదినగారు. "బూజు పట్టి, పెచ్చులూడి, కుష్టు వచ్చినట్టుంది. నా స్నేహితురాళ్ళు వస్తే ఏమనుకుంటారు?"

"మరదలు మొండిదని చెప్పండి."

"అది వాళ్ళకి ఎప్పుడో చెప్పాను. కొత్తదేదైనా చెప్పు."

భర్త కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఇంజనీరు రాక అంత సులువుగా జరగలేదు. తేదీ ఇచ్చినప్పుడల్లా బిల్డరువాళ్ళు ఏదో సాకు చెప్పి వాయిదా అడిగేవాళ్ళు. వానలు వచ్చాయి, పోయాయి. గోడ నల్లబడింది. గదిలోకి వెళితే తడిసిన పాత పుస్తకాల వాసన. వదినగారు అగరుబత్తి వెలిగించి, కిటికీ తెరిచి, మంచం ఇటు లాగి అటు లాగి, గోడవైపు చూడకుండా పడుకోవడం నేర్చుకుంది. రాత్రి దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గేది, మరదలికి వినపడకూడదని. గోడ అవతల పడుకున్న మరదలికి అది వినిపిస్తూనే ఉండేది. ఒక్కోసారి పొద్దున్నే లేచి, పెయింటు షాపు దాకా వెళ్ళి వచ్చేద్దామా అని బ్రేకక్కకీ అనిపించేది. చెప్పులేసుకుని మెట్ల దాకా వెళ్ళిన రోజు కూడా ఉంది. అక్కడే కాసేపు నిలబడి, వెనక్కి వచ్చి కాఫీ పెట్టుకుంది.

ఈలోగా ఆవిడ చేయాల్సిన రెండో పని మిగిలిపోయింది. పైవాళ్ళూ కిందవాళ్ళూ కూడా తమ గోడల సంగతి ఒప్పుకోవాలి. అసోసియేషన్ మీటింగులో లేచి అడిగింది.

"పడమటి వరసలో నాలుగిళ్ళున్నాయి. వానకి మీ గోడలు తడుస్తున్నాయా లేదా, ఉన్నమాట చెప్పండి."

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "మాది బ్రహ్మాండంగా ఉందండీ" అన్నాడు కింది ఫ్లాటు లెక్కల టీచరు. "మాకా? అబ్బే" అన్నాడు అందరికన్నా కింద, నేలమట్టం ఇంట్లో ఉండే టైలరు. బ్రేకక్కకి నవ్వొచ్చింది. ప్రతి వాన తర్వాతా వారం రోజులపాటు మెట్ల నిండా పెయింటు వాసనే. ఇళ్ళన్నీ బ్రహ్మాండంగా ఉంటే ఆ వాసన ఎక్కణ్ణించి వస్తున్నట్టు?

ప్రెసిడెంటుగారు సరిగ్గా బ్రేకక్క పై ఫ్లాటులోనే ఉండేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏదో పెద్ద గోదాముకి అధికారి. ఇప్పుడు గోదాము లేకపోయినా నడుముకి తాళాల గుత్తి మాత్రం ఉంది. మీటరు గది, పంపు గది, టెర్రస్, అన్నీ అందులోనే. మీటింగు అయ్యాక ఆవిణ్ణి పక్కకి పిలిచాడు.

"అమ్మా, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసు. లిఫ్టు నెలకోసారి అలుగుతుంది. ఈ మెట్లు ఎక్కలేక ఫ్లాటు అమ్మేసి కింద ఇల్లు చూసుకుందామనుకుంటున్నాను. కొనేవాళ్ళు రెండుసార్లు వచ్చి వెళ్ళారు కూడా. నువ్వు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఈ భవనం తడిగోడల భవనం అని టముకు వేస్తే నా ఫ్లాటు ఎవడు కొంటాడు? మన నలుగురి ఇళ్ళూ గాల్లో కలుస్తాయి."

"అమ్మాక వాన పడుతుంది కదండీ. అప్పుడు కొన్నవాళ్ళు మీ కొత్త ఇల్లు వెతుక్కుంటూ వస్తారు."

"అప్పటి సంగతి అప్పుడు."

"ఆ అప్పటికి బిల్డరు గడువు అయిపోయి ఉంటుంది ప్రెసిడెంటుగారూ. అడగడానికి మీరొక్కరే మిగులుతారు."

ఆయన గుత్తిలో తాళాలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ మెట్లెక్కాడు. ప్రతి మెట్టు మీదా ఆగి ఎక్కుతుంటే వెనకనుంచి చూసిన బ్రేకక్కకి కోపం నిలవలేదు. పట్టు మాత్రం నిలిచింది.

రేపుగారు కూడా ఒకసారి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మాటలో తీపి లేదు, అలసట ఉంది.

"పైపులు వేసిన కాంట్రాక్టరు ఎక్కడున్నాడో నాకే తెలియదమ్మా. సిమెంటు పని ఇంకొకడిది. అందరూ చేతులు దులుపుకుని పోయారు. మీ ముందు నిలబడ్డది నేను. ఇలా ప్రతి గోడకీ మమ్మల్ని లాగుతూ పోతే ఇక అపార్ట్‌మెంట్లు కట్టేవాడెవడు? కట్టినా, ఈ భయాలన్నీ లెక్కేసుకుని రేటు చెబుతాడు. నేనూ అద్దె ఇంట్లోనే ఉంటున్నాను. నాలాంటివాడు కొనగలడా?"

బ్రేకక్క ఆయనకి టీ ఇచ్చింది. 

"మీరన్నది నిజమే కావచ్చండీ. కానీ మీరు ఎప్పుడైనా ఫ్లాటు కొనుక్కుంటే, అందులో గోడ తడిస్తే, ఆ బిల్డరు మనిషి వచ్చి ఇదే మాట చెబితే మీరు ఊరుకుంటారా?"

రేపుగారు టీ తాగేసి, ఎన్నడూ లేనిది, రేపు అనకుండా వెళ్ళిపోయాడు.

చివరికి ఇంజనీరు వచ్చే రోజు ఖాయమైంది. ఎండాకాలంలో. వాయిదాలన్నీ ఎందుకు అడిగారో అప్పుడు అర్థమైంది. అయినా గోడ మీద నల్లటి మరకలూ ఊడిన పెచ్చులూ ఉన్నాయి కదా, అవే చాలని బ్రేకక్క ధీమా. ఆ పొద్దున ఆవిడ దగ్గర నేర్చుకుంటున్న ఒకామెకి లైసెన్సు పరీక్ష ఉంది. రెండుసార్లు తప్పిన మనిషి, పక్కన ఆవిడ లేకపోతే కారే ఎక్కనంటుంది. "పదింటికల్లా వచ్చేస్తాను" అని చెప్పి వెళ్ళింది.

తిరిగి వచ్చేసరికి తలుపు తీయగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే కొత్త పట్టా. హాల్లో కుర్చీలకి ఉతికిన కవర్లు. పడమటి గదిలోకి తొంగిచూసింది. గోడ పాలుగారుతున్నంత తెల్లగా ఉంది. టేబుల్ ఫ్యాను గోడవైపు తిరిగి బుర్రున తిరుగుతోంది. ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగా పక్కనే ఉంది. వదినగారు తలకి గుడ్డ కట్టుకుని, ముక్కు మీద రంగు చుక్కతో, బ్రష్షు కడుగుతోంది.

"ఎలా ఉంది?" అంది మెరిసే మొహంతో. "నువ్వు అటు వెళ్ళగానే మొదలుపెట్టాను. బూజంతా బ్లీచింగ్ పెట్టి రుద్దేశాను. పెచ్చులు దులిపేశాను. కిందటిసారి వాళ్ళు వదిలేసిన డబ్బాలో రంగు మిగిలితే పూశాను. ఆరకపోతే ఇస్త్రీ పెట్టె కూడా దగ్గరపెట్టాననుకో."

బ్రేకక్క ఫ్యాను స్విచ్చి ఆపేసింది. గోడకేసి చూసింది, వదినకేసి చూసింది.

"వదినా... ఇంజనీరు ఏం చూడ్డానికి వస్తున్నాడనుకున్నారు?"

"ఏం చూస్తే ఏం? గవర్నమెంటు మనిషి వస్తున్నాడు. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు రౌండ్సుకి వస్తున్నాడంటే వార్డు ఎలా ఉంచేదాన్నో తెలుసా? ఒక్క చుక్క మందు నేల మీద ఉండనిచ్చేదాన్ని కాదు."

"పక్క దులిపేవారు సరే. జ్వరం కూడా దులిపేసేవారా? డాక్టరు వచ్చేసరికి రోగిని లేపి, పౌడరు రాసి, బాగానే ఉన్నానని చెప్పించేవారా?"

వదినగారు తెల్లటి గోడవైపు తిరిగి చూసింది. చేతిలో బ్రష్షు నుంచి తెల్లటి నీళ్ళు నేల మీద కారుతున్నాయి. చూసుకుని కూడా తుడవలేదు. ఆవిడ ఇన్నేళ్ళ జీవితంలో అలా తుడవకుండా ఉండటం అదే మొదలేమో.

"ఎంత పని చేశానే" అంది చివరికి.

"అక్కా, నువ్వు కూర్చో ముందు" అని తమ్ముడు కుర్చీ తెచ్చాడు. అంతకు ముందు ఆయన షాపుకి వెళుతూ వెళుతూ బ్లీచింగ్ వాసన వచ్చి ఆగిపోయాడట గానీ, అక్కగారికి అడ్డం చెప్పే ధైర్యం చాలక కళ్ళజోడు తుడుచుకుంటూ నిలబడ్డాడట.

బ్రేకక్క గోడ మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా, పొడిగా ఉంది. అప్పుడే కింద వాహనం ఆగిన చప్పుడైంది.

వచ్చిన ఇంజనీరు ఆడమనిషి. చిన్న సుత్తి, టార్చి, అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలు. వెనకాలే రేపుగారు. ఆమె గది మధ్యలో నిలబడి గోడ చూసింది, వేలితో తట్టింది, వేలికి అంటిన రంగు చూసుకుంది.

"ఇప్పుడే వేశారు."

"మావాళ్ళు కాదండీ," అన్నాడు రేపుగారు వెంటనే. "వాళ్ళే వేసుకున్నారు. ఇంక ఇందులో తడి ఎక్కడుందో మీరే చెప్పండి."

"నేనే వేశాను తల్లీ," అంది వదినగారు ముందుకొచ్చి. "మా మరదలు వద్దంటూనే ఉంది. మీరొస్తున్నారని..." తర్వాత ఏం చెప్పాలో తోచక ముక్కు మీది రంగు తుడుచుకుంది. అది బుగ్గ దాకా పాకింది.

ఇంజనీరు నవ్వాపుకుంది. "నాకు అర్థమైందమ్మా. కానీ నేను చూసిందే రాయాలి. ఇప్పుడు నాకు కనిపిస్తున్నది తెల్లటి గోడ."

బ్రేకక్క కిటికీ దగ్గరికి జరిగింది. ఆవిడ కళ్ళు కిటికీలోంచి బయట ఎక్కడో ఉన్నాయి. కారులో కూర్చున్నప్పుడు ఉన్నట్టే.

"అమ్మా, ఒక్కటి అడుగుతాను. ఖాళీ గ్రౌండులో ఎవరైనా బాగానే నడుపుతారు. ఎత్తు మీద ఆపి, మళ్ళీ కదిలించమంటే తెలుస్తుంది. ఈ గోడకి అలాంటి పరీక్ష ఏమైనా ఉందా? ఎండాకాలంలో వాన చూడాలంటే ఎలా?"

"ఉంది. మీ టెర్రస్ మీద పడే నీళ్ళు ఎటు పోతాయి?"

రేపుగారు గొంతు సవరించుకున్నాడు. "ముందువైపు అందంగా ఉండాలని పైపు బయటికి కనపడకుండా పడమటి గోడ లోపలినుంచే దింపాం."

"అయితే పైనుంచి ఆ పైపులోకి నీళ్ళు వదిలి చూడొచ్చు. టెర్రస్ మీద ట్యాంకు నీళ్ళు చాలు. పైపు బాగుంటే కిందికి పోతాయి. అతుకులు సరిగా లేకపోతే గోడ చెబుతుంది. కాకపోతే మీ అసోసియేషన్ ఒప్పుకోవాలి. కింద ఇళ్ళవాళ్ళు తలుపులు తీయాలి. మధ్యాహ్నం దాకా ఉంటాను."

టెర్రస్ తాళం ప్రెసిడెంటుగారి నడుముకి ఉంది. బ్రేకక్క మెట్లెక్కింది. ఆయన గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"ట్యాంకు ఖాళీ చేస్తే ఈ పూట అందరూ నన్ను నంజుకు తింటారు. కుదరదమ్మా. సాయంత్రం కొనేవాళ్ళు వస్తున్నారు. ఈ సందడి చూస్తే ఇక ఈ మెట్లు ఎక్కరు."

"ప్రెసిడెంటుగారూ, నేను మిమ్మల్ని మంచివారు కాదనడం లేదు. మీ మోకాళ్ళ నొప్పి నిజం. ఈ గోడా నిజమే. ఇవాళ తేలితే బిల్డరు బాగుచేస్తాడు. మీరు దర్జాగా, ఏమీ దాచకుండా అమ్ముకోవచ్చు. ఇవాళ తేలకపోతే మీరు కొనేవాళ్ళ మొహం చూసి అబద్ధమాడాలి. మీ గోదాములో సరుకు తడిస్తే మీరు అలాగే బస్తాలు తిప్పి పెట్టి అప్పగించేవారా?"

ఆయన తాళాల గుత్తిని గుప్పిట్లో పట్టుకున్నాడు. లోపల ఏదో బరువైనది నేల మీద జరిపిన చప్పుడైంది. ఆయన భార్య కేకేసింది.

"ఏమండీ, ఆ గుత్తి ఇలా ఇవ్వండి. ఇటొచ్చి చూడవే బ్రేకక్కా."

వాళ్ళ పడమటి గదిలో నిలువుటద్దం పక్కకి జరిగి ఉంది. దాని వెనక గోడ బొగ్గులా ఉంది. "నాలుగేళ్ళుగా ఈ అద్దంలో నా మొహం చూసుకుంటూ దీని వెనక ఏముందో ఎవరికీ చెప్పకుండా కూర్చున్నాను. వచ్చినవాళ్ళందరూ, అబ్బ, ఎంత పెద్ద అద్దం అనడం. నాకు ఒళ్ళు మండిపోవడం. నీళ్ళు వదలండి, ట్యాంకు నిండేదాకా అందరికీ నేనే జవాబు చెప్పుకుంటాను."

ప్రెసిడెంటుగారు ఒక్క క్షణం భార్యని చూశాడు. తర్వాత నడుముకున్న గుత్తి విప్పి, అందులో టెర్రస్ తాళం ఏదో తనే తీసి చూపించాడు.

మెట్ల వెంట కబురు పాకింది. ఆడవాళ్ళు బకెట్లూ బిందెలూ నింపుకున్నారు. లెక్కల టీచరు కాస్త గొణిగి, "మా ఇంట్లోనూ బీరువా వెనక కొద్దిగా..." అని తలుపు తీశాడు. టైలరు మాత్రం తీయలేదు. బ్రేకక్క తలుపు కొడితే లోపలినుంచే అన్నాడు.

"అక్కా, దండం పెడతాను. ఆ గదిలో ఖాతాదారుల గుడ్డలున్నాయి. తడి ఇల్లని తెలిస్తే నాకు ఇక ఎవరూ గుడ్డ ఇవ్వరు."

"నీ ఇంట్లోకి ఇంజనీరు తప్ప ఎవరూ రారు బాబూ."

"వద్దక్కా."

ఆవిడ రెండోసారి కొట్టలేదు. పైకి వచ్చేసింది.

పైన ట్యాంకు గొట్టం విప్పి నీళ్ళు వదిలారు. గోడ లోపల గలగలమని దిగుతున్న చప్పుడు అన్ని గదుల్లోనూ వినిపించింది. వదినగారు తన తెల్లటి గోడ ఎదురుగా కుర్చీ వేసుకుని, మంచం పక్కన రోగిని కనిపెట్టుకున్నట్టు కూర్చుంది. ఎవరు పలకరించినా వేలు పెదవుల మీద పెట్టేది. చాలాసేపు ఏమీ కాలేదు. రేపుగారు గడియారం చూసుకున్నాడు, ఇంకోసారి చూసుకున్నాడు.

"అమ్మాయ్!" అంది వదినగారు ఉన్నట్టుండి.

పైనుంచి మూరెడు కింద, గోడ మధ్యలో, రంగు చిన్న బొబ్బలా లేచింది. చూస్తుండగానే పక్కన ఇంకొకటి. తర్వాత నిలువునా ఒక బూడిదరంగు గీత కిందికి దిగింది, లోపల పైపు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టు. బొబ్బ పగిలి నీటిచుక్క జారింది.

"పగిలింది! తల్లీ, ఇలా రండి, పగిలింది!" వదినగారు చప్పట్లు కొట్టబోయి, అంతలోనే గుర్తొచ్చి మొహం చిన్నబుచ్చుకుంది. "ఎంత నున్నగా వేశానో" అంది.

ఇంజనీరు ఆ గీతని పెన్సిలుతో గోడ మీదే గుర్తుపెట్టి, పైకి వెళ్ళి చూసింది, టీచరు ఇంట్లో చూసింది. మూడు ఇళ్ళలోనూ గీత ఒకే వరసలో ఉంది. "ఇది వాడకం కాదు, కట్టుబడి" అని అక్కడే రాసి, రేపుగారి చేత సంతకం పెట్టించింది. ఆయన వాదించలేదు. వెళుతూ వెళుతూ, "మా వాళ్ళు పైవాళ్ళకి అప్పీలు చేస్తారేమోనమ్మా" అన్నాడు. "చేయనివ్వండి, నేనూ వస్తాను" అంది బ్రేకక్క.

అప్పీలు జరిగింది, కొట్టేశారు. వానలకి ముందే పడమటి వైపు పరంజా కట్టారు. గోడ నిలువునా చీల్చి చూస్తే పైపు అతుకుల్లో సగానికి జిగురే లేదు. ముక్క మీద ముక్క ఊరికే ఆనించి సిమెంటు కప్పేశారు. ఆ చీలిక మూసేముందు ప్రతి అతుకునీ తనకి చూపించమని బ్రేకక్క పట్టుబట్టింది. పొద్దున పాఠాలు మానుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని పరంజా కింద కూర్చునేది. ప్రెసిడెంటుగారు కొనేవాళ్ళకి చీల్చిన గోడే చూపించి, ఇదిగో బాగుచేయిస్తున్నాం అని చెప్పాడు. వాళ్ళు వానలయ్యాక వస్తామన్నారు. ఆయన మెట్లెక్కుతూ మునుపటంత విసుక్కోలేదు.

పని అయిందని రేపుగారు కాగితం తెచ్చాడు. నలుగురూ సంతకాలు చేస్తే బిల్డరు బాధ్యత తీరినట్టు. ప్రెసిడెంటుగారు చేశాడు, టీచరు చేశాడు. గొడవ వదిలిపోతే చాలన్నట్టు టైలరూ చేశాడు. బ్రేకక్క పెన్ను తీసుకోలేదు.

"వాన పడనివ్వండి."

"ఎండాకాలంలో ట్యాంకు నీళ్ళు సరిపోయాయి, ఇప్పుడు చాలవా అమ్మా?"

"అప్పుడు తప్పు వెతికామండీ. ఇప్పుడు ఒప్పు వెతకాలి. దానికి ఇంకాస్త పెద్ద వాన కావాలి."

అలాంటి వానే వచ్చింది. రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో పొద్దున రేపుగారు గొడుగు మడుచుకుంటూ వచ్చాడు. వదినగారు ఎదురొచ్చి, ఆయన్ని చేయిపట్టుకుని తన గదిలోకి తీసుకెళ్ళినంత పనిచేసింది. గోడ పొడిగా ఉంది. పైన ప్రెసిడెంటుగారి భార్య నిలువుటద్దాన్ని ఎవరికో ఇచ్చేసింది. అక్కడా పొడే.

"ఇక పెట్టేయండమ్మా సంతకం" అన్నాడు రేపుగారు. మొహం నిజంగానే తేలికపడి ఉంది.

బ్రేకక్క కాగితం పట్టుకునే కిందికి దిగింది. టీచరు ఇంట్లో బీరువా జరిపి చూసింది. ఇంకా కిందికి దిగి టైలరు తలుపు కొట్టింది. ఈసారి అతను తీశాడు. పక్కకి తప్పుకున్నాడు. కుట్టిన చొక్కాలన్నీ తాళ్ళ మీదినుంచి తీసి మంచం మీద కుప్పగా పోసి ఉన్నాయి. గోడ చీల్చిన పని నేల దాకా దిగలేదు. పైపు నేలలోకి మలుపు తిరిగే చోట ఎవరూ తవ్వలేదు. పైన మూడు ఇళ్ళలోనూ కారకుండా ఆగిన నీళ్ళన్నీ ఇప్పుడు అక్కడే కక్కుతున్నాయి. గోడ మోకాలెత్తు దాకా తడిసి ఉంది.

"తలుపు తీసి ఉంటే ఆ రోజే కనపడేది కదా" అన్నాడు రేపుగారు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

టైలరు తల దించుకున్నాడు. "తప్పు నాదేనక్కా. సంతకం కూడా చేసేశాను. మీ ఇల్లు పొడిగా ఉంది కదా, మీరూ పెట్టేయండి. నేను ఏదో రంగు వేసుకుంటాను."

"నువ్వు డబ్బా ముట్టుకుంటే ఊరుకోను" అంది బ్రేకక్క.

ఆవిడ తడిగోడకి ఆనకుండా ఒక స్టూలు లాక్కుని కూర్చుంది. కాగితం నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "మావి నాలుగిళ్ళండీ, గోడ ఒకటే. అది కింద తడిసినంతకాలం నాదీ తడిగానే ఉన్నట్టు లెక్క. మీ మనుషుల్ని పిలవండి. నేను ఇక్కడే ఉంటాను."

రేపుగారు ఆవిణ్ణి చూశాడు, గోడని చూశాడు. ఫోన్ తీశాడు. అవతల ఎవరో వానలో ఎలా వస్తామని అడిగి ఉంటారు.

"రేపు కాదు," అన్నాడాయన ఫోనులో. "ఇప్పుడే రండి. పారలు తెచ్చుకోండి."